పేరు ఒకరిది, ఈమెయిల్ ఇంకొకరిది: డొమైన్ రికార్డులో తప్పు దిద్దించడం ఎందుకంత కష్టం?

క్లుప్తంగా: డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఎవరిదో చెప్పే రికార్డును దిద్దే యంత్రాంగం అందులో రాసింది నిజమా అబద్ధమా అని చూడదు. రికార్డులోని ఈమెయిల్‌కు వెళ్లిన లింకును ఎవరు నొక్కారన్నదే చూస్తుంది. ఆ ఈమెయిల్ చేతిలో ఉన్నవారు తప్పును ఏళ్ల తరబడి అలాగే ఉంచేయగలరు. అది చేజారిన అసలు యజమాని మాత్రం సొంత పేరు సరిచేయించుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాలి. డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్లతో 2013లో కుదిరిన ఒప్పందం, 2016 నాటి బదిలీ నిబంధన, 2018లో వివరాలు దాచేయడం, ఈ మూడూ కలిసి ముడిని ఇంకా బిగించాయి.

రికార్డు ఉండేది ఒక్కచోట కాదు

డొమైన్ ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డును జనం ఇప్పటికీ హూఈజ్ అనే అంటారు. 1982 నాటికి, ఇంటర్నెట్‌కు ముందరి అర్పానెట్ నెట్‌వర్క్ వాడేవాళ్లు ఒకరి ఆచూకీ ఒకరు తెలుసుకోవడానికి పెట్టుకున్న డైరెక్టరీ అది. సర్వరులోని 43వ పోర్టుకు (నంబరు వేసిన ద్వారం లాంటిది) ప్రశ్న పంపితే మామూలు అక్షరాల్లో జవాబు వచ్చేది. అబద్ధం రాయాల్సిన అవసరం ఎవరికీ లేని రోజుల్లో పుట్టింది కాబట్టి నిజానిజాలు తేల్చే ఏర్పాటేదీ అందులో పెట్టలేదు. డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్లకు హూఈజ్ సేవ నడపాల్సిన బాధ్యత 2025 జనవరి 28తో పోయింది. ఆ స్థానంలోకి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. జవాబు ఇప్పుడు చక్కగా గడులు కట్టి వస్తోంది, గడుల్లోని సరుకు మాత్రం పాతదే.

డొమైన్ కొన్నవారికీ రికార్డుకూ మధ్య చాలా అంచెలున్నాయి. డాట్ కామ్ జాబితా మొత్తాన్ని నిర్వహించే రిజిస్ట్రీ వెరిసైన్. దాని కింద, డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ ఐకాన్ గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లు. వారి కింద వారి డొమైన్లను అమ్మిపెట్టే రీసెల్లర్లు, హోస్టింగ్ కంపెనీలు. అందరికన్నా కింద, వెబ్‌సైట్ చేసిపెట్టిన డిజైనరు. డాట్ కామ్, డాట్ నెట్‌ల విషయంలో వెరిసైన్ దగ్గర యజమాని పేరే ఉండదు. డొమైన్ పేరు, రిజిస్ట్రార్ ఎవరు, నేమ్‌సర్వర్లు (సైటు ఏ సర్వరులో ఉందో చెప్పేవి), తేదీలు, స్థితి సంకేతాలు (డొమైన్‌కు తాళం ఉందా, ఆగి ఉందా వంటివి), ఇంతే అక్కడుండేది. యజమాని పేరు, చిరునామా, ఫోను రిజిస్ట్రార్ దగ్గరుంటాయి. డాట్ ఇన్ వంటి వాటిలో రిజిస్ట్రీ దగ్గర కూడా ఒక కాపీ ఉంటుంది.

తిప్పలు మొదలయ్యేది ఇక్కడే. ఐకాన్‌కు రాస్తే రిజిస్ట్రార్‌ను అడగమంటారు. రిజిస్ట్రార్‌ను అడిగితే రీసెల్లర్‌ను అడగమంటారు. రీసెల్లర్ దుకాణం ఎత్తేసి ఉంటాడు. నిజానికి రీసెల్లర్ ద్వారా అమ్మినా ఒప్పందం ప్రకారం జవాబుదారీ రిజిస్ట్రారే. రీసెల్లర్ పలకడం లేదని రాతపూర్వకంగా తెలియజేస్తే, కేసు తీసుకోబోమని చెప్పే హక్కు రిజిస్ట్రార్‌కు లేదు. ఫోన్లో కస్టమర్ కేర్ సిబ్బంది చెప్పే మాట వేరుగా ఉంటుంది కాబట్టి టికెట్ రూపంలోనే అడగాలి.

ఐపీ అడ్రసుల (నెట్‌లో ఒక్కో యంత్రానికి ఉండే అంకెల చిరునామా) రికార్డు పూర్తిగా వేరే వ్యవహారం. అది ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీ అడ్రసులు పంచే ఏపీనిక్, మన దేశంలో దాని కింద నడిచే ఇరిన్ చూసుకుంటాయి. వెబ్‌సైట్ సర్వరు ఐపీ వెతికి, అక్కడ హోస్టింగ్ కంపెనీ పేరు కనబడితే డొమైన్ వాళ్ల పేరున ఉందని కంగారుపడేవాళ్లు తక్కువేమీ కాదు.

ఏది సరైన వివరం?

ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. గందరగోళంలో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తోంది. మొదటిది, వివరం రాసిన తీరు సరిగా ఉందా: ఈమెయిల్‌లో @ గుర్తు ఉందా, పిన్‌కోడ్‌లో ఆరంకెలు ఉన్నాయా. రెండోది, అది పనిచేస్తోందా: మెయిల్ పంపితే చేరుతోందా, ఫోను మోగుతోందా. మూడోది, అది నిజంగా ఆ మనిషిదేనా. ఐకాన్ 2015 నుంచి 2018 వరకు నడిపిన తనిఖీ కార్యక్రమంలో ఈ మూడు మెట్లూ కాగితం మీద ఉన్నాయి. మూడో మెట్టు ఎక్కకముందే ఆ కార్యక్రమం ఆగిపోయింది.

సమస్య పాతదే. అమెరికా ప్రభుత్వ ఆడిట్ విభాగం జీఏఓ 2005 నవంబరులో ఇచ్చిన నివేదికలో డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్‌లలో సుమారు 23.1 లక్షల డొమైన్లకు, అంటే 5.14 శాతానికి, చూడగానే తెలిసిపోయే అబద్ధపు వివరాలున్నాయని అంచనా కట్టింది. అంతకన్నా ఆసక్తికరమైన పని ఇంకోటి చేసింది. అలాంటి 45 రికార్డులపై తానే ఐకాన్‌కు ఫిర్యాదు పంపి ఏం జరుగుతుందో చూసింది. 30 రోజుల్లో 11 రికార్డులు మారాయి. అప్పటికే రద్దు దారిలో ఉన్న ఒక డొమైన్ రద్దయింది. మిగిలిన 33 ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. 2010లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ నార్క్ ఐకాన్ కోసం 1,419 రికార్డులు పరిశీలించింది. అన్ని ప్రమాణాలకూ పూర్తిగా నిలబడినవి సుమారు 23 శాతమే.

వీటి తర్వాత వచ్చిందే 2013 ఒప్పందం. దాని ప్రకారం వివరాల్లో ఏదైనా మారితే యజమాని 7 రోజుల్లో రికార్డు దిద్దించాలి. రిజిస్ట్రేషన్ జరిగిన 15 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఈమెయిల్‌నో ఫోన్‌నో పరీక్షించాలి. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. జవాబు రాకపోతే మనిషి చేత పరీక్ష చేయించాలి, లేదంటే డొమైన్‌ను ఆపేయాలి. వివరాలు సరైనవేనా అని రిజిస్ట్రార్ అడిగితే యజమాని 15 రోజుల్లో బదులివ్వాలి, లేకపోతే ఒప్పందం ఉల్లంఘించినట్టే.

ఒప్పందం కోరింది రెండో మెట్టు మాత్రమే. పేరు గడిలో ఏం రాసినా, ఇంటి నంబరు గడిలో ఏం రాసినా, ఈమెయిల్ లింకు నొక్కితే రికార్డు పాసైపోతుంది. ఇది రిజిస్ట్రార్ల అలసత్వం కాదు, వ్యవస్థ గీసుకున్న గీతే అక్కడుంది. ఏడాదికి కొన్ని వందల రూపాయల సరుకుకు ఆధార్ స్థాయి తనిఖీ పెడితే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న దగ్గరే ఐకాన్‌లో చర్చ ఎప్పుడూ ఆగిపోతుంది. ఈ విషయం తేల్చడానికి 2021లో వేసిన బృందం పని కూడా మధ్యలోనే పక్కన పడింది.

ఈమెయిల్ వలయం

చిన్న వ్యాపారాల్లో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇలా ఉంటుంది. 2012 ప్రాంతంలో ఒక ఫంక్షన్ హాలుకో, డయాగ్నస్టిక్ సెంటరుకో తెలిసిన కుర్రాడొకడు వెబ్‌సైట్ చేసిపెడతాడు. డొమైన్ కూడా తన లాగిన్‌లోనే కొంటాడు. పేరు గడిలో తన పేరు, ఈమెయిల్ గడిలో తన ఈమెయిల్. ఓనరు ఏటా డబ్బు పంపుతుంటాడు. పదేళ్లకు ఆ కుర్రాడు అమెరికా వెళ్లిపోతాడు, ఆ మెయిల్ తెరవడం మానేస్తాడు. అప్పుడు ఓనరు రికార్డు దిద్దమని రిజిస్ట్రార్‌ను అడిగితే, రిజిస్ట్రార్ దృష్టిలో అతను ఎవరో దారినపోయే మనిషి.

అడిగిన ప్రతిసారీ ధ్రువీకరణ లింకు పాత ఈమెయిల్‌కే వెళుతుంది. ఈమెయిల్ మార్చాలన్నా ఆ ఈమెయిల్‌లోనే నొక్కాలి. దొంగలు డొమైన్ ఎత్తుకుపోకుండా పెట్టిన కాపలా ఇది, కాపలాగా దానికి వంకపెట్టడానికి లేదు. లోపల్నుంచి గడియ పడిపోయిన ఇంటి బయట యజమాని నిలబడ్డా అది తలుపు తీయదు.

రిజిస్ట్రార్లు దీనికి పత్రాల దారి ఒకటి ఉంచుతారు. సంస్థ పేరున ఉంటే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ లేదా జీఎస్టీ రిజిస్ట్రేషన్, సంస్థ పాన్, సంతకం పెట్టే వ్యక్తి ఫొటో గుర్తింపు, లెటర్‌హెడ్ మీద అభ్యర్థన అడుగుతారు. వ్యక్తి పేరున ఉంటే ఫొటో గుర్తింపు, రికార్డులోని చిరునామాకు సరిపోయే బిల్లు అడుగుతారు. ఎక్కువ అభ్యర్థనలు వెనక్కి వచ్చేది ఒకే కారణంతో: పత్రం మీది పేరు రికార్డులోని పేరుతో కలవదు. రికార్డులో సంస్థ గడి ఖాళీగా ఉండి, పేరు గడిలో డిజైనరు ఉంటే జీఎస్టీ సర్టిఫికెట్ ఎన్ని కాపీలు పంపినా అది వేరే మనిషి పత్రమే అవుతుంది. సంస్థ గడిలో వ్యాపారం పేరు ఉంటే మాత్రం పరిస్థితి చాలా మెరుగు. సాధారణ డొమైన్లకు 2025 ఆగస్టు 21 నుంచి అమల్లోకి వచ్చిన రిజిస్ట్రేషన్ డేటా విధానం ప్రకారం, సంస్థ గడి నిండి ఉంటే డొమైన్ హక్కుదారు ఆ సంస్థే, పేరు గడిలో ఉన్నవారు సంప్రదింపు వ్యక్తి మాత్రమే. రిజిస్ట్రార్లు పాత రికార్డుల్లోని సంస్థ పేరును సరిచూసుకోమని యజమానులను అడగాలి. జవాబు రాకపోతే ఆ పేరును దాచడమో తీసేయడమో చేయవచ్చు. ఆ మెయిల్ కూడా పాత ఈమెయిల్‌కే వెళుతుందని వేరే చెప్పక్కర్లేదు.

పత్రాల దారి మూసుకుపోతే మిగిలేది డిజైనరు సంతకంతో సమ్మతి పత్రం, లేదా వివాద పరిష్కార విధానం, లేదా కోర్టు. వీటిలో యూడీఆర్‌పీ (సాధారణ డొమైన్ల వివాద పరిష్కార విధానం) మీద చాలామంది పెట్టుకునే ఆశ నిలవదు. డబ్బు ఎవరు కట్టారని అక్కడ చూడరు. ట్రేడ్‌మార్కు ఉందా, అవతలివారికి ఆ పేరుపై హక్కు ఏమైనా ఉందా, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి దురుద్దేశంతోనే వాడుతున్నారా అని చూస్తారు. మన మాట మీదే, మన కోసమే రిజిస్టర్ చేసిన డిజైనరుకు మొదట్లోనే దురుద్దేశం ఉందని నిరూపించడం కష్టం. అలాంటి ఓనర్లు డబ్బు చెల్లించిన రసీదులు, వాట్సాప్ సందేశాలు, వెబ్‌సైట్ ఒప్పంద పత్రం జాగ్రత్త చేసుకుని, డిజైనరును ఒప్పించడానికే ముందుగా ప్రయత్నించడం మేలు.

వలయానికి ఇంకో రూపం ఉంది, ఇది పూర్తిగా చేజేతులా చేసుకునేది. సంప్రదింపు ఈమెయిల్‌గా అదే డొమైన్ మీది మెయిల్ ఇవ్వడం. చూడటానికి హుందాగా ఉంటుంది. ఏదో కారణంగా ధ్రువీకరణ ఆగి డొమైన్‌కు క్లయింట్ హోల్డ్ (రిజిస్ట్రార్ ఆపేసిన స్థితి) పడితే, పేర్లను సర్వర్లకు కలిపే డీఎన్ఎస్ నుంచి పేరు తొలగిపోతుంది. వెబ్‌సైట్‌తో పాటు మెయిల్ కూడా పోతుంది. హోల్డ్ తీయించడానికి నొక్కాల్సిన లింకు ఆ చచ్చిన మెయిల్‌పెట్టెకే వస్తుంది. సంప్రదింపు ఈమెయిల్ ఎప్పుడూ వేరే డొమైన్ మీద ఉండాలి, దాన్ని తెరిచే మనుషులు కనీసం ఇద్దరుండాలి.

పాత ఈమెయిల్ గడువు తీరిన వేరే డొమైన్ మీద ఉంటే ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. ఆ గడువు తీరిన పేరును ఎవరైనా కొనుక్కుని, దానిమీద అదే మెయిల్‌పెట్టె తెరిస్తే, ధ్రువీకరణ లింకులన్నీ వాళ్లకే అందుతాయి. వ్యవస్థ కళ్లకు వాళ్లే యజమానులు.

నిద్రపోతున్న తప్పు ఎప్పుడు లేస్తుంది?

తప్పు వివరం ఏళ్ల తరబడి ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఉండిపోవచ్చు. దాన్ని లేపేవి ముఖ్యంగా రెండు. 2003 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం రిజిస్ట్రార్ ఏడాదికోసారైనా యజమానికి ప్రస్తుత వివరాలు చూపించి, తప్పులుంటే దిద్దుకోమని గుర్తుచేయాలి. ఆ మెయిల్ చేరక వెనక్కి వస్తే అదే రిజిస్ట్రార్‌కు సమాచారం. అప్పుడు ఈమెయిల్‌ను మళ్లీ పరీక్షించాలి, 15 రోజుల గడియారం మొదలవుతుంది. ఎవరూ ఫిర్యాదు చేయకుండానే మంచి వెబ్‌సైట్లు ఉన్నట్టుండి మాయమయ్యే సందర్భాల్లో ఇదొకటి.

రెండోది గడువు తీరడం. రెన్యువల్ నోటీసులు గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, గడువు దాటాక 5 రోజుల్లోపు ఒకటి పంపాలని నిబంధన. మూడూ చచ్చిన ఈమెయిల్‌కే పోతాయి. రిజిస్ట్రార్ డొమైన్‌ను తొలగించిన తర్వాత కూడా తిరిగి దక్కించుకునేందుకు 30 రోజుల విమోచన గడువు ఉంటుంది, కాకపోతే అప్పుడు అడిగే రుసుము మామూలు రెన్యువల్‌కు చాలా రెట్లు.

ధ్రువీకరణ మెయిళ్లు అచ్చం మోసపు మెయిళ్లలాగే కనిపించడం ఇంకో తలనొప్పి. '15 రోజుల్లో లింకు నొక్కకపోతే మీ డొమైన్ ఆగిపోతుంది' అన్న వాక్యం నిజమైన రిజిస్ట్రారూ రాస్తాడు, దొంగా రాస్తాడు. తేడా పట్టే పద్ధతి ఒకటే: మెయిల్‌లోని లింకు వదిలేసి, రిజిస్ట్రార్ సైటును చేత్తో టైపు చేసి లాగిన్ కావాలి. నిజమైనదైతే ప్యానెల్‌లో అదే హెచ్చరిక ఉంటుంది.

పేరు దిద్దితే యజమాని మారినట్టే

2016 డిసెంబరు 1 నుంచి సాధారణ డొమైన్లలో యజమాని పేరు, సంస్థ పేరు, ఈమెయిల్, ఈ మూడింటిలో ఏది మారినా దాన్ని హక్కుదారు మార్పుగా చూస్తున్నారు. పాత, కొత్త హక్కుదారులు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ తర్వాత 60 రోజులపాటు డొమైన్‌ను ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చకుండా తాళం పడుతుంది. మార్పు అడగడానికి ముందే ఆ తాళం వద్దని చెప్పే వీలును రిజిస్ట్రార్ కల్పించవచ్చు. కొందరు కల్పించరు.

అక్షరదోషాలు దీని కిందికి రావని నిబంధనలోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ విచక్షణ ఎక్కడిది? 'లక్ష్మి'ని ఒక అక్షరం మార్చి దిద్దినా, డొమైన్‌ను అమ్మేసినా దానికి ఒకటే. చాలా ప్యానెళ్లు రెండింటికీ ఒకే తాళం వేస్తాయి. అక్షరదోషమేనని గుర్తింపు పత్రంతో టికెట్ పెడితే చేత్తో తీసేసే రిజిస్ట్రార్లు ఉన్నారు.

దీనివల్ల పని చేసే క్రమం ముఖ్యమవుతుంది. రిజిస్ట్రార్‌ను మార్చే ఉద్దేశం ఉండి, ప్రస్తుత ఈమెయిల్ పనిచేస్తుంటే ముందు బదిలీ చేసుకుని, పేరు కొత్తచోట దిద్దుకోవడం మంచిది. బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్‌ను (రహస్య సంకేతం) అడిగిన 5 రోజుల్లో ప్రస్తుత రిజిస్ట్రార్ ఇవ్వాలి. ఉన్నచోటే ఉండిపోతే పేరు, సంస్థ, ఈమెయిల్ మూడింటినీ ఒకే అభ్యర్థనలో మార్చాలి. ఈ రోజు ఈమెయిల్, వచ్చే నెల పేరు అంటూ విడగొడితే ధ్రువీకరణలు రెండు, తాళాలు రెండు. వీధి చిరునామా, పిన్‌కోడ్, రాష్ట్రం, ఫోను ఈ లెక్కలోకి రావు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ప్యానెల్‌లో సేవ్ నొక్కగానే అర్థంకాని ఎర్ర గీత వస్తే ముందు స్థితి సంకేతాలు చూడాలి. క్లయింట్ అప్‌డేట్ ప్రొహిబిటెడ్ (మార్పులకు తాళం) అని ఉంటే మార్పు 2304 కోడుతో వెనక్కి రావచ్చు. వస్తువు ఉన్న స్థితి ఈ పనికి అడ్డు అని దాని అర్థం. డొమైన్ లాక్ తీసి, వివరాలు మార్చి, మళ్లీ లాక్ వేయాలి. చివరిది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

హైదరాబాద్ ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే

యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ 2018 మే 25న అమల్లోకి వచ్చేసరికి పేరు, వీధి, ఫోను, ఈమెయిల్ బహిరంగ రికార్డు నుంచి మాయమయ్యాయి. ఆ గడుల్లో 'గోప్యత కోసం తొలగించబడింది' అన్న అర్థం వచ్చే ఒకే వాక్యం కనబడుతుంది. అంతకుముందు యజమాని ఏ లుకప్ సైటులో చూసినా తన రికార్డులోని తప్పు కంటబడేది. ఇప్పుడు లాగిన్ అయితే తప్ప కనబడదు.

బయటికి కనిపించేవిగా మిగిలిన కొద్దిపాటి గడుల్లో రాష్ట్రం, దేశం ఉన్నాయి. తెలుగువారికి సంబంధించిన ఒక తప్పు సరిగ్గా అక్కడే ఉంటుంది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్, వరంగల్ చిరునామాలతో రిజిస్టరైన డొమైన్ల రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. రాష్ట్రం విడిపోయినంత మాత్రాన రికార్డు తనంతట తాను మారదు. కొన్ని ఫారాలు పిన్‌కోడ్‌కూ రాష్ట్రానికీ పొంతన చూస్తాయి. అలాంటిచోట 500తో మొదలయ్యే పిన్‌కోడ్, ఆంధ్రప్రదేశ్ జతపడక, సంబంధం లేని ఇంకో గడి మార్చబోయినా ఫారం సేవ్ కాదు. ముందు రాష్ట్రం గడి దిద్దితే మిగతావన్నీ కదులుతాయి. ఇది హక్కుదారు మార్పు కాదు, తాళం పడదు.

ఫోన్ నంబరు రాసే పద్ధతి మన అలవాటుకు ఎదురు. దేశం కోడు, చుక్క, ఆ తర్వాత ఎస్టీడీ కోడులోని సున్నా తీసేసిన నంబరు: హైదరాబాద్ ల్యాండ్‌లైన్ అయితే +91.40 తర్వాత ఎనిమిదంకెలు. +91.040 అని రాస్తే అంకె ఒకటి ఎక్కువై తనిఖీలో పోతుంది, లేదా మోగని నంబరుగా మిగిలిపోతుంది. మొబైల్‌కు ముందు సున్నా పెట్టే అలవాటుకూ ఇదే ఫలితం.

పేరుది ఇంకో కథ. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. రికార్డులోకి వెళ్లేసరికి అవి కలిసి ఒకే గడి అవుతాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లు ఒకచోట ఇంటిపేరును పూర్తిగా, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా, మరోచోట చివర్లో ఇస్తారు. ఆధార్‌లో ఒక వరుస, పాన్‌లో ఇంకో వరుస, డొమైన్ రికార్డులో మూడో వరుస. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. పత్రాలతో పోల్చాల్సిన రోజున ముగ్గురూ వేరే మనుషులవుతారు. దిద్దేటప్పుడు పాన్ మీద ఉన్న వరుసనే, స్పేసులతో సహా, దించడం ఉత్తమం. తెలుగు లిపిలో రాయడానికి రిజిస్ట్రీ భాషలో స్థానిక చిరునామా అనే ప్రత్యేక రకం ఉంది కానీ, డాట్ కామ్ అమ్మే ఫారాలు ఎక్కువగా రోమన్ అక్షరాలనే తీసుకుంటాయి.

మన వివరాలు ఇంకొకరి డొమైన్‌లో ఉంటే

ఇది అన్నింటికన్నా చికాకైన కేసు. ఎవరో నకిలీ దుకాణం పెట్టి రిజిస్ట్రేషన్‌లో సంబంధం లేని ఇంటి చిరునామా, ఫోను ఇచ్చేస్తారు. మోసపోయినవారి ఫోన్లు, లాయరు నోటీసులు ఆ ఇంటికి వస్తాయి. ఇంట్లోవాళ్లకు లాగిన్ లేదు, రికార్డు చూసే వీలూ లేదు.

ఆర్‌డాప్‌లో డొమైన్ వెతికితే రిజిస్ట్రార్ పేరు, దుర్వినియోగ ఫిర్యాదుల ఈమెయిల్, ఫోను తప్పకుండా ఉంటాయి. ఆ ఈమెయిల్‌కు డొమైన్ పేరు, అందులో ఏ వివరం తమదో, అది ఎలా తెలిసిందో, రుజువుగా నోటీసు కాపీ, తమదేనని చూపే బిల్లు (అనవసరమైన అంకెలు కొట్టేసి) పంపాలి. డొమైన్ మూసేయమని కాకుండా, సంప్రదింపు వివరం తప్పని, దాన్ని పరిశీలించమని అడగాలి. మొదటిది రిజిస్ట్రార్ చేయాల్సిన పని కాకపోవచ్చు, రెండోది ఒప్పందం నెత్తిన పెట్టిన పని. 15 రోజులు దాటినా కదలిక లేకపోతే ఐకాన్ కాంట్రాక్చువల్ కంప్లయన్స్ (ఒప్పందాల అమలు చూసే) విభాగం ఫారంలో, రిజిస్ట్రార్‌కు పంపిన మెయిల్ కాపీతో ఫిర్యాదు పెట్టాలి. వివరాలు దాచి ఉండటాన్ని తప్పుగా రాస్తే ఫిర్యాదు మూతపడుతుంది. దాచడం వేరు, తప్పుగా ఉండటం వేరు.

ఈ దారి చివర వచ్చేది ఏమిటో ముందే తెలుసుకోవాలి. రిజిస్ట్రార్ అడిగితే మోసగాడు ఆ చిరునామా తీసేసి ఇంకో కల్పిత చిరునామా పెట్టి, ఈమెయిల్ లింకు నొక్కితే కేసు ముగిసిపోతుంది. ఆ ఇంటికి ఊరట దొరుకుతుంది, రికార్డుకు నిజం దొరకదు. సైటు నిజంగా ఫిషింగ్ (నకిలీ సైటుతో పాస్‌వర్డులు, డబ్బు కాజేయడం) చేస్తుంటే వివరాల తప్పు అని కాక, ఫిషింగ్ అని ఫిర్యాదు చేయడం నయం. 2024 ఏప్రిల్ 5 నుంచి అమలైన ఒప్పంద సవరణ ప్రకారం ఫిషింగ్, మాల్‌వేర్ వంటి వాటిపై రుజువు అందితే రిజిస్ట్రార్ తక్షణం చర్య తీసుకోవాలి. ఒట్టి తప్పు చిరునామాకు ఆ సవరణ వర్తించదు. డబ్బు పోయిన వ్యవహారమైతే మన దేశంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు చెప్పడం అన్నింటికన్నా ముందు జరగాలి.

చట్టం వైపు నుంచీ ఒక దారి ఉంది. జీడీపీఆర్ 16వ అధికరణం తప్పు వివరాన్ని దిద్దించుకునే హక్కు ఇస్తోంది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని 12వ సెక్షన్‌దీ అదే ఉద్దేశం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి.

డాట్ ఇన్ దారి వేరు

డాట్ ఇన్ విషయంలో ఐకాన్‌కు ఫిర్యాదు పెట్టి ఎదురుచూడటం వృథా. దేశాల డొమైన్లు ఐకాన్ ఒప్పంద పరిధిలో లేవు. ఇక్కడ రిజిస్ట్రీ నిక్సీ. తెలుగు లిపిలోని డాట్ భారత్ కూడా దాని చేతిలోనిదే. ముందు రిజిస్ట్రార్, తర్వాత నిక్సీ, ఇదీ వరుస. డాట్ ఇన్‌లో యజమాని పేరును దాచే ప్రాక్సీ సేవలకు అనుమతి లేదు. వేరే కంపెనీ పేరు వెనక దాక్కునే వీలు లేకపోవడం వల్ల రికార్డులో ఉన్నది ఎవరన్న ప్రశ్న కొంత తేలిక. పేరు వివాదం వస్తే డాట్ ఇన్‌కు సొంత పరిష్కార విధానం ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. దురుద్దేశంతో రిజిస్టర్ చేయడం 'లేదా' వాడటం, ఏదో ఒకటి చూపితే అక్కడ చాలు. యూడీఆర్‌పీలో రెండూ చూపాలి. డిజైనరు గొడవల్లో ఈ ఒక్క పదం తేడా చిన్నదేం కాదు.

మూడో మెట్టు, అంటే మనిషిని గుర్తించడం, మొదట్లోనే పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే బ్యాంక్ డాట్ ఇన్ ఉంది. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ విభాగంలో డొమైన్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని రిజర్వు బ్యాంకు సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకు అని తేలితేనే పేరు ఇస్తారు. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా మారాలని గడువు పెట్టారు. అక్కడ తప్పుడు పేరుతో రికార్డు పుట్టడమే కష్టం, కాబట్టి దిద్దుబాటు గొడవ కూడా తక్కువ. బ్యాంకులు లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి అది కుదిరింది. కోట్లలో ఉన్న డాట్ కామ్‌కు అదే కొలత సరిపోదు. యూరప్ మధ్యేమార్గం వెతుకుతోంది. సైబర్ భద్రతపై యూరోపియన్ యూనియన్ నిస్-2 ఆదేశంలోని 28వ అధికరణం రిజిస్ట్రీలు, రిజిస్ట్రార్లు వివరాలు సరిచూసే పద్ధతి పెట్టుకోవాలని చెబుతోంది. సభ్య దేశాలు 2024 అక్టోబరు 17లోగా దాన్ని తమ చట్టాల్లోకి తేవాలి, చాలా దేశాలు ఆ గడువు దాటించాయి. ఇది గట్టిపడితే, యూరప్‌లో వ్యాపారం ఉన్న రిజిస్ట్రార్ల దగ్గర కొన్న మన డొమైన్లకూ పత్రాల అడుగుడు పెరుగుతుంది.

దిద్దాక చూడాల్సినవి

ప్యానెల్‌లో మార్పు కనిపించినంత మాత్రాన పని అయినట్టు కాదు. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో వెతికి, చివరిసారి మారిన తేదీ చూడాలి. రికార్డు అడుగున కనబడే 'డేటాబేస్ చివరి అప్‌డేట్' సమయాన్ని చూసి పొంగిపోకూడదు. అది సర్వరు గడియారం, ఎవరి రికార్డు అడిగినా ఇప్పటి సమయమే చూపిస్తుంది. అసలు మార్పు తేదీని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. లాక్ తీసినా, నేమ్‌సర్వరు మార్చినా, రెన్యువల్ చేసినా అదే తేదీ కదులుతుంది. సంప్రదింపు వివరాలు మారాయని తేల్చేది లాగిన్ లోపలి పేజీ ఒక్కటే. దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవాలి.

పాత రికార్డులను ఏళ్లుగా కాపీ కొట్టి దాచుకున్న ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. 2018కి ముందు బహిరంగంగా ఉన్న పేరు, ఫోను వాటిలో అలాగే ఉంటాయి. రిజిస్ట్రార్ దగ్గర చేసిన దిద్దుబాటు వాటిదాకా పోదు. ఒక్కో సైటునూ విడిగా తొలగించమని అడగాల్సిందే, కొన్ని వినవు. రెన్యువల్ బిల్లుల్లా కనిపించే మోసపు ఉత్తరాలు పాత చిరునామాకు వస్తూనే ఉండటానికి ఇదొక కారణం.

మార్పు జరిగిన 15 రోజుల్లోపు కొత్త ఈమెయిల్‌కు ధ్రువీకరణ లింకు వస్తుంది, స్పామ్ పెట్టెలో కూడా చూడాలి. ఆ లింకు నొక్కాక కూడా పాత మెయిల్‌పెట్టెను వెంటనే మూసేయకూడదు. ఏడాదికోసారి వచ్చే వివరాల గుర్తింపు మెయిల్ కొత్త చిరునామాకు చేరిందని కళ్లారా చూశాకే దాన్ని వదిలేయాలి.